మూషికవాహనం: షష్ఠీ తత్పురుషం

సమాసాలు బోధించే రోజుల్లో బహువ్రీహికి ఉదాహరణగా "మూషికవాహనుడు" అన్న పదాన్ని ఇచ్చేవాణ్ణి. మూషికము వాహనముగా గలవాడు, విఘ్నేశ్వరుడు. పదాన్ని కొంచెం సవరించి "మూషికవాహనము" అని వ్రాసి, "మూషికముల యొక్క వాహనము" అని విగ్రహవాక్యం చెబితే అది షష్ఠీ తత్పురుషం. వ్యాకరణం అందుకు అడ్డు చెప్పదు. అటువంటి వస్తువు లోకంలో ఉన్నదా అని ఏ విద్యార్థీ అడగలేదు గనుక నేనూ ఆలోచించలేదు. ఉన్నది. అమెరికాలో దానిని మోటార్‌హోమ్ అంటారు.

మా అబ్బాయి కుటుంబం కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ శివార్లలో ఉంటున్నది. వాళ్లకొక పాత మోటార్‌హోమ్ ఉన్నది. చూడని మిత్రుల కోసం చెబుతాను. ముందు లారీ, వెనుక ఇల్లు. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి, నీళ్ల తొట్టి, గ్యాసు, అన్నీ అందులోనే. మే నుండి సెప్టెంబరు వరకు సెలవు దొరికినప్పుడల్లా కొండలకూ అడవులకూ దానిలో పోయి వస్తారు. అక్టోబరులో గొట్టాలలోని నీరు వంపివేసి, తాళం వేసి, ఒక మూల నిలుపుతారు. మళ్లీ వసంతం దాకా దాని ముఖం చూడరు. ఆ ఆరు నెలలూ అది ఎలుకల రాజ్యం. ఇటువంటి బండ్లు గల తెలుగువారు అక్కడ చాలామందే ఉన్నారు. రెండు చలికాలాలు వారి మధ్య గడిపి, ఎలుకల మీద వారు చేసే యుద్ధాలను వినీ కనీ ఒక అభిప్రాయానికి వచ్చాను. అదే ఈ టపా.

నా అభిప్రాయమేమంటే, మనవాళ్లు చేసే చికిత్స తలక్రిందులుగా ఉన్నది. ముందు వాసనలు, తరువాత శబ్దాలు, అవి పారకపోతే విషం. ఇవన్నీ అయ్యాక, తీరిక దొరికితే, ఎలుక ఎక్కడినుండి వచ్చిందని వెదకడం. ఈ క్రమం తిరగబడాలి. మొదట ద్వారాలు మూయాలి, రెండవది తిండి తీసివేయాలి, మూడవది బోను పెట్టాలి. విషం అసలు వద్దు.

ఎలుక మన మీద పగబట్టి రాదు. చలికాలంలో వెచ్చని, చీకటి గల, పిల్లి లేని చోటు దానికి కావాలి. మోటార్‌హోమ్ గోడల నడుమ చలికి అడ్డుగా పెట్టిన మెత్తని దూదివంటి పదార్థం ఉంటుంది, సీట్లలో స్పాంజి ఉంటుంది, అలమారలో కాగితపు చుట్టలు ఉంటాయి. గూటికి ఇంతకన్న సరంజామా ఏమి కావాలి? ఇంటి చిట్టెలుక సుమారు మూడు వారాలు గర్భం మోసి, ఒక్కో కాన్పులో అయిదారు పిల్లలను పెడుతుంది. ఏడాదిలో అటువంటి కాన్పులు అయిదు నుండి పది. కనుక అక్టోబరులో లోపలికి పోయిన జంట ఏప్రిల్‌కు జంటగా ఉండదు. పైగా దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకక తప్పదు. ఆ బండిలో కొరకడానికి దొరికేది విద్యుత్తు తీగల పైపొర. తీగలు బయటపడి ఒకదానికొకటి తగిలితే నిప్పు. పక్కనే గ్యాసు గొట్టం.

అయితే తీగలకన్న పెద్ద భయం మరొకటి ఉన్నది. 1993లో న్యూమెక్సికో, ఆరిజోనా, కొలరాడో, యూటా రాష్ట్రాల సరిహద్దులు కలిసే ప్రాంతంలో ఆరోగ్యవంతులైన యువకులు ఊపిరాడక మరణించడం మొదలైంది. వారిలో నవహో తెగవారు ఎక్కువ. పరిశోధించగా అది హాంటావైరస్ జాతికి చెందిన కొత్త వైరస్ అని, డీర్ మౌస్ అనే అడవి చిట్టెలుక దానిని మోస్తున్నదని తేలింది. దానికి "సిన్ నోంబ్రే" అని పేరు పెట్టారు. స్పానిష్ భాషలో "పేరు లేనిది" అని అర్థం. పేరు లేదన్నదే పేరు! ఎలుక మూత్రం, పెంటికలు ఎండి, ధూళితో కలిసి గాలిలోకి లేచినప్పుడు పీల్చినవారికి ఈ జబ్బు సోకుతుంది. 1993 నుండి 2022 చివరి వరకు అమెరికాలో నమోదైన హాంటావైరస్ రోగులు 864 మంది. అంత పెద్ద దేశానికి ఇది చిన్న సంఖ్యే. కాని ఊపిరితిత్తుల దశకు చేరినవారిలో నూటికి 38 మంది బ్రతకరని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతున్నది. ప్రత్యేకమైన మందు లేదు.

2012లో యోసెమిటీ జాతీయవనానికి విహారానికి పోయినవారిలో పదిమందికి ఇది సోకింది, ముగ్గురు చనిపోయారు. వారిలో అత్యధికులు కర్రీ విలేజ్ అనే విడిదిలో, రెండు పొరల గోడలున్న గుడారాలలో బస చేసినవారు. ఆ రెండు పొరల మధ్య ఎలుకలు గూళ్లు పెట్టుకొన్నాయి. మోటార్‌హోమ్ గోడ కూడా రెండు పొరలదే. 2025 ఫిబ్రవరిలో న్యూమెక్సికోలో నటుడు జీన్ హాక్‌మన్ భార్య, పియానో విద్వాంసురాలు బెట్సీ అరకావా మరణించినది ఈ జబ్బుతోనే. ఆ ఆవరణను పరీక్షించిన అధికారులు షెడ్లలోనూ, గరాజులలోనూ ఎలుకల ఆనవాళ్లు చూశారు.

కాబట్టి వసంతంలో బండి తెరవగానే చీపురు పట్టుకొని ఊడ్వడం, వాక్యూమ్ యంత్రం పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకొనే పనులు. రెండూ ధూళిని గాలిలోకి లేపుతాయి. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట దూరంగా ఉండాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీరు కలిపి, పెంటికలపై, గూటిపై బాగా తడిసేటట్లు చల్లి, అయిదు నిమిషాలు నాననివ్వాలి. ఆ పిమ్మట కాగితంతో తుడిచి సంచిలో కట్టి పారవేయాలి. అప్పటివరకు పిల్లలను లోపల అడుగుపెట్టనీయకూడదు. సెలవు వచ్చిందన్న సంబరంలో మొదట లోపలికి పరుగెత్తేది వారే గనుక ఈ మాట వేరుగా చెబుతున్నాను.

ఇక ద్వారాల సంగతి. హితోపదేశంలో హిరణ్యకుడనే మూషికరాజు వంద ద్వారాల బిలం కట్టుకొని నివసించాడని మనమంతా చదువుకొన్నదే. చిన్నయసూరిగారి మిత్రలాభం పాఠంగా చెప్పినవారికి అతడు చిరపరిచితుడు. అతడు ప్రాణభీతితో శ్రమపడి తవ్వుకొన్న వంద ద్వారాలను మోటార్‌హోమ్ కర్మాగారం వారు ఏ శ్రమా ఇవ్వకుండా సిద్ధం చేసి ఉంచుతున్నారు. నేలలోనుండి నీటి గొట్టం దిగాలి, మురుగు గొట్టం దిగాలి, గ్యాసు గొట్టం ఎక్కాలి, విద్యుత్తు తీగ బయటికి పోవాలి. సన్నని గొట్టానికి పెద్ద రంధ్రం తొలిచి, మిగిలిన సందును అలాగే వదలివేసిన చోట్లు మా వాళ్ల బండిలో నేనే చూశాను. చిట్టెలుక దూరడానికి ఆరు మిల్లీమీటర్ల సందు చాలు. పెన్సిలు పట్టేంత అన్నమాట.

ఆ సందులను పగలు వెదికితే దొరకవు. చీకటి పడ్డాక, సమనేలపై నిలిపి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టిన బండిలో దీపాలన్నీ వెలిగించి, అలమారల తలుపులు తెరిచి ఉంచి, ఒకరు క్రింద పడుకొని చూడాలి. వెలుగు కారుతున్న ప్రతిచోటూ ఒక ద్వారమే. (జాకీ మీద ఎత్తి నిలిపిన బండి క్రిందికి ఎన్నడూ పోరాదు.) మా అబ్బాయి క్రింద పడుకొని చెబుతూ ఉంటే, మా మనవడు లోపల సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. పాత్రలు కడిగే తొట్టి క్రింద, మరుగుదొడ్డి వెనుక, ఫ్రిజ్ వెనుక, విద్యుత్తు తీగను చుట్టి పెట్టే అర దగ్గర, బయటికి జరిగే గది మూలల్లో, డ్రైవరు కాళ్ల దగ్గర పెడళ్లు దిగే చోట గుర్తులు పడ్డాయి. ఏ బండిలోనైనా మొదట చూడవలసిన చోట్లు ఇవే.

మూయడానికి స్పాంజివలె పొంగే నురగ ఒక్కటే వాడితే ప్రయోజనం లేదు, ఎలుక దానిని కొరికి పారవేస్తుంది. సందులో ముందు రాగి జాలీనో, తుప్పు పట్టని స్టీలు పీచునో గట్టిగా కూరి, పైన సీలెంటు పూయాలి. మామూలు ఇనుప పీచు ఒక వానాకాలంలో తుప్పుగా రాలిపోతుంది. పెద్ద రంధ్రాలకు పావు అంగుళం కళ్ల ఇనుప వల కత్తిరించి బిగించాలి. మరొక్క జాగ్రత్త. మూయవలసినవీ, మూయకూడనివీ వేరు వేరు. గ్యాసు గాలికన్న బరువు గనుక, కారితే క్రిందికి దిగిపోవడానికి సిలిండరు అర అడుగున గాలి రంధ్రాలు ఉంచుతారు. వాటిని కూరివేస్తే ఎలుకను తప్పించుకొని అంతకన్న పెద్ద ప్రమాదంలో పడతాము. అక్కడ వల మాత్రమే ఉండాలి.

మా డెల్టాలో పొలం గట్లలో ఎలుకలు పట్టడానికి యానాదులను పిలిపించేవారు. వారు వచ్చీ రాగానే పొగ పెట్టడానికి కూర్చొనేవారు కాదు. ముందు గట్టు చుట్టూ నడిచి కన్నాలన్నీ చూసుకొని, బురదతో మెత్తి, ఒకటో రెండో విడిచి, అప్పుడు గడ్డి పొగ ఊదేవారు. ఎలుకల విద్యలో వారికి మించిన పండితులను నేను చూడలేదు. కొలరాడోలో రాగి జాలీ అయినదే మా గట్టు మీద బురద.

ద్వారాల తరువాత తిండి. హితోపదేశంలోనే చూడాకర్ణుడనే సన్యాసి కథ ఉన్నది. చిలక్కొయ్యకు తగిలించిన భిక్షాపాత్రలోని అన్నం మీదికి ఎలుక ఎగురుతుందని అతడు కర్రతో చప్పుడు చేస్తూ కూర్చొంటాడు. అతిథిగా వచ్చిన వీణాకర్ణుడు, అంత చిన్న ఎలుకకు అంత ఎత్తు ఎగిరే బలం ఎక్కడిదని అడుగుతాడు. కారణం వెదకి, బిలం తవ్వి, అది కూడబెట్టుకొన్న ధనాన్ని తీసివేయగానే దాని బలం పోతుంది. మన పల్లెటిళ్లలో ఉట్టి కట్టడం వెనుక ఉన్న బుద్ధి కూడా ఇదే. తిండి అందకపోతే ఎలుక నిలవదు. మోటార్‌హోమ్ నిలిపే ముందు బియ్యం, పప్పు, బిస్కెట్లు, కుక్క తిండి, కడపటి చక్కెర పొట్లం వరకు అన్నీ దించాలి. అట్టపెట్టెలు, కాగితపు చుట్టలు, దుప్పట్లు కూడా దించాలి. అవి తిండి కాకపోయినా గూటి సరుకు. బండిని పొడవాటి గడ్డిలోనో, కట్టెల మోపు పక్కనో నిలపరాదు. సిమెంటు చప్టా మేలు. రెండు వారాలకొకసారి పోయి తలుపు తీసి చూడాలి.

ఇప్పుడు కర్ర చప్పుళ్ల విషయం. ఒక వారాంతపు విందులో ఒక మిత్రుడు నాతో, "మాస్టారూ, దూది మీద నాలుగు చుక్కలు పుదీనా నూనె వేసి మూలమూలా పెట్టండి, ఇక ఎలుక ఆ దరికి రాదండీ" అన్నాడు. "ఎన్నాళ్లు రాదు నాయనా?" అని అడిగాను. "వాసన ఉన్నన్నాళ్లూ అండీ" అన్నాడు. వాసన వారం పది రోజులకు ఆవిరైపోతుంది. తాళం ఆరు నెలలు ఉంటుంది. బట్టలు ఆరబెట్టే యంత్రంలో వేసే సువాసన కాగితాలూ అంతే, కొన్నాళ్లకు వాసన పోయి గూటికి మెత్తని పరుపుగా మిగులుతాయి. కలరా ఉండలు మరీ చెడ్డవి. మనం నిద్రపోయే నాలుగు గోడల మధ్య ఆ ఆవిరిని నింపి, తరువాత మనమే పీల్చడం ఏమి వివేకం? మన చెవికి వినపడని శబ్దంతో ఎలుకలను తరుముతామని అమ్మే పెట్టెల విషయంలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అరవైకి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు పంపింది. తగిన శాస్త్రీయ ఆధారం లేకుండా అటువంటి మాటలు చెప్పరాదన్నది. పాతికేళ్లు గడిచినా పెట్టెలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. చూడాకర్ణుని కర్రకు ఇప్పుడు బ్యాటరీ వచ్చింది, అంతే భేదం.

విషం గూర్చి నా అభ్యంతరాలు రెండు. మొదటిది కేవలం లౌకికం. విషం తిన్న ఎలుక మన సౌకర్యం చూసుకొని బయటికి పోయి చావదు. గోడ పొరల మధ్య చచ్చి కుళ్లుతుంది. ఆ దుర్గంధం తీయాలంటే గోడ విప్పాలి. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకొన్న సామెత గుర్తుకు వస్తుంది.

రెండవది ధర్మానికి సంబంధించినది. బ్రోడిఫాకౌమ్, బ్రోమాడియోలోన్ వంటి మందులు రక్తం గడ్డకట్టే శక్తిని పోగొట్టి చంపుతాయి. తిన్న వెంటనే కాదు, కొన్ని రోజులకు. ఆ కొన్ని రోజులూ ఎలుక మత్తుగా, తప్పించుకొనే చురుకు లేక తిరుగుతుంది. గుడ్లగూబకు, గద్దకు, నక్కకు సులభంగా దొరుకుతుంది. విషం వాటి కాలేయంలో చేరి నిలుస్తుంది. న్యూయార్కు జంతుశాల నుండి 2023 ఫిబ్రవరిలో తప్పించుకొని, ఏడాదిపాటు నగరం మీద స్వేచ్ఛగా ఎగిరిన ఫ్లాకో అనే పెద్ద గుడ్లగూబ 2024 ఫిబ్రవరిలో చనిపోయింది. శవపరీక్షలో పావురాల నుండి సోకిన తీవ్రమైన వైరస్‌తో పాటు నాలుగు రకాల ఎలుకమందులు దాని శరీరంలో కనిపించాయి. కాలిఫోర్నియా రాష్ట్రం ఇటువంటి మందుల వాడకాన్ని 2021 జనవరి నుండి చాలావరకు కట్టడి చేసింది. గుడ్లగూబను మనవాళ్లు అపశకునమంటారు. నిజానికి అది జీతం అడగని కావలివాడు. ఎలుకను చంపబోయి ఎలుకల శత్రువును చంపుకొంటే మరుసటి ఏడాది ఎలుకలకు అడ్డేది?

"ఇంత ప్రయాస ఎందుకు, తాళం వేసే ముందు నాలుగు విషపు బిళ్లలు విసరితే పది నిమిషాల పని" అనేవారున్నారు. పది నిమిషాలే, ఒప్పుకొంటాను. కాని ఆ పది నిమిషాలు ప్రతి ఏడూ ఖర్చు చేయాలి, ప్రతి వసంతమూ శవాలు వెదకాలి. సందులు మూయడానికి మా వాళ్లకు రెండు శనివారాలు పట్టింది. తరువాతి ఏళ్లలో ఒక సాయంకాలం తనిఖీ సరిపోయింది.

అన్నీ మూసినా ఒకటి రెండు దూరవచ్చు. వాటికి వెంటనే చంపే స్ప్రింగు బోను మేలు. గోడ వెంట, మీట గోడవైపు ఉండేటట్లు పెట్టాలి, ఎలుక గోడను ఆనుకొనే పోతుంది గనుక. వేరుశనగ ముద్ద బఠాణీగింజంత చాలు. జిగురు అట్టలు మాత్రం వద్దు. ప్రాణంతో అతుక్కొని గంటల తరబడి గిలగిలలాడే ప్రాణిని చూసి మన పిల్లలు ఏమి నేర్చుకొంటారు? ఇంగ్లండులో 2022లో చట్టం చేసి, 2024 జూలై నుండి సాధారణ ప్రజలు వాటిని ఎలుకలకు వాడటం నిషేధించారు. చంపక తప్పనప్పుడు త్వరగా చంపడం కనీస ధర్మం.

చీమలకూ ఇదే సూత్రం. బెల్లం డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టే మా అమ్మ చీమల మీద ఏ మందూ చల్లలేదు, వాటి దారిని త్రెంచింది. నిలిపిన బండికి నేలతో సంబంధం చక్రాలు, ఆనించిన కాళ్లు, నీటి గొట్టం, విద్యుత్తు తీగ. చీమ ఎక్కేది వీటి మీదుగానే. ఆనిన కొమ్మలను నరికి, అక్కరలేని గొట్టాన్ని, తీగను విప్పి చుట్టిపెడితే సగం దారులు తెగినట్లే. కందిరీగలు, సాలెపురుగులు హీటరు పొగగొట్టంలో, ఫ్రిజ్ వెనుక గాలి కంతల్లో గూళ్లు కడతాయి. గూడు అడ్డుపడితే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. వల బిగిస్తే చాలునని తొందరపడకూడదు. హీటరు పొగగొట్టానికి వల పెట్టవద్దని కొందరు తయారీదారులే చెబుతారు. దాని పుస్తకం చదివి, ఏటా మొదటి ప్రయాణానికి ముందు విప్పి శుభ్రం చేయించడం మంచిది.

మోటార్‌హోమ్ లేనివారికి ఈ గొడవ ఎందుకని అనిపించవచ్చు. మన ఊళ్లలో నెలల తరబడి గుడ్డ కప్పి ఉంచిన కార్లు ఉన్నాయి, పిల్లలు విదేశాలకు పోయాక తాళాలు వేసిన ఇళ్లు ఉన్నాయి, ఏళ్ల తరబడి తెరవని పుస్తకాల అలమారలు ఉన్నాయి. పెన్సిలు పట్టే సందు ఎక్కడున్నా లెక్క ఒకటే. ఈ ఆదివారం రాత్రి ఒక దీపం, ఒక సుద్దముక్క తీసుకొని చూడండి. ఆస్ట్రేలియాలోనో, బ్రిటన్‌లోనో ఇటువంటి బండ్లు గల మిత్రులెవరైనా ఉంటే, అక్కడి ఎలుకలు ఏ ద్వారాన ప్రవేశిస్తున్నవో వ్రాయగలరు. మా మనవడి గుర్తుల జాబితాలో చేర్చుకొంటాము.